పేరు చెప్పిన ఆదివారం

ఉప్పల్ స్టేడియం పక్కనే ఉండి కూడా క్రికెట్ పట్టని ఇల్లు నాచారంలో ఒకటుంది, జ్ఞానయ్యది. తండ్రికీ కూతురికీ ఫుట్‌బాల్ పిచ్చి. మధ్యలో తల్లి రూతుకు తలనొప్పి.

ఆ రోజు నెలలో మొదటి ఆదివారం. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల ఉంటుంది. జెన్నిఫర్ తెల్ల చుడీదార్ వేసుకుని, ఫోను చూస్తూ ఇడ్లీ తింటోంది.

"మన గోల్‌కీపర్ హృషికేశ్ టీమ్ ఇడిసిపెట్టిండంట డాడీ. ఒక్క గోల్ ఇడిసినందుకే గింత సీనా," అంది తేలిగ్గా.

జ్ఞానయ్య తినడం ఆపాడు. "గోల్‌కు కాదు. వాళ్లమ్మ మీద నువ్వు దొంగపేరుతోని పెట్టిన పోస్టుకు. నిన్న నవ్వుకుంట సూపిస్తివి గదా. తప్పు దిద్దుకోకుండ ఇయ్యాల బల్ల తీసుకోకు."

జెన్నిఫర్‌కు ఒళ్లు మండింది. "మీ కాలంలెక్క రాళ్లేసిన్నా? ఫోన్ల నాలుగు మాటలు రాసిన. అయినా నువ్వెన్నడు తీసుకున్నవ్? అందరు లేస్తే నువ్వు కూసునే ఉంటవ్."

"జెన్నీ," అని కసిరింది రూతు.

"అననీ," అన్నాడు జ్ఞానయ్య. "ఇరవై ఏడేండ్ల కింద కంపెనీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల అవతలి గోల్‌కీపర్‌ను రాయితోని కొట్టిన. కన్ను పోయింది. గుంపుల ఎవరేసిన్రో ఎవరికి తెల్వలే. మీ అమ్మకు సుత చెప్పలే. ఏ మొఖంతోని లేస్తా? నేనేసిన రాయి తాకి కిందపడ్డది. నీది ఇంకా తిరుగుతనే ఉంది బిడ్డా."

రూతు కళ్లు తుడుచుకుంది. జెన్నిఫర్ పోస్టు తీసేసింది. అప్పటికే వందలమంది పంచుకున్నది మాత్రం తీయలేకపోయింది.

"హృషికేశ్ ఇల్లు కాప్రాలనే. వస్తవా డాడీ?"

కాప్రాలో అతని తల్లే తలుపు తీసింది. "ఆ రాతలు నాయే ఆంటీ," అని జెన్నిఫర్ ఏడ్చేసింది. ఆమె లోపలికి తిరిగి, "హృషీ, జర ఇటు రా. రాసినామె మనింటికే వచ్చింది," అంది.

హృషికేశ్ అంతా విన్నాడు. "గీ మాటే టీమ్ ఫ్యాన్స్ గ్రూపుల నీ పేరుతోని రాస్తవా?"

గడపలో నిలబడే రాసింది. అతను చదివి, "సాయంత్రం ప్రాక్టీసుంది. పోతనేమో," అన్నాడు.

బయటికొచ్చి జెన్నిఫర్ స్కూటీ ఎక్కింది. "నువ్వు కొట్టినాయన ఏడుంటడు?"

"కీసరల. భయమైతుంది బిడ్డా."

"నాకు సుత అయింది. నేనొస్తున్న గదా. పేరేంది?"

జ్ఞానయ్య వెనక కూర్చుని కూతురి భుజం పట్టుకున్నాడు. "అనిల్ కుమార్," అన్నాడు. ఇరవై ఏడేళ్లలో ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.