తాళం వేసిన ఫోటో

ఆ ఉదయం కాంతమ్మ పెరట్లో కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తుంటే, పక్కింటి లోవమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"వదినా, మా నోరు తీపి చేయవా? మీ గాయత్రికి మూడో నెలంట కదా! మా అల్లుడు హరిబాబు అమలాపురం నెట్ సెంటర్లో మీవాడి పెళ్ళి ఫోటోలు చూస్తుంటే స్కాన్ ఫోటో కూడా వచ్చిందంట. దాని మీద గాయత్రి పేరుందంట."

కాంతమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. కోడలికి కడుపా? తనకు చెప్పకుండా ఊరికి చెప్పిందా?

కాంతమ్మ విసవిసా వెళ్ళేసరికి వంటింట్లో గాయత్రి తాలింపు వేస్తోంది.

"ఊరందరికీ చూపించేవు. నేనొక్కదాన్నే పరాయిదాన్నా?"

గాయత్రి తెల్లబోయింది. "ఎవరికీ చూపించలేదండీ అత్తయ్యగారూ! దోహాలో ఆయన చూసుకుంటారని నెట్‌లో మా పెళ్ళి ఫోటోలున్న చోటే దాచేను. మా ఇద్దరికే కనపడేలా తాళం వేసేను."

"తాళం వేస్తే హరిబాబుకి ఎలా కనపడింది?"

ఆ సంగతి గాయత్రికీ తెలియదు. భర్తకు ఫోన్ చేసింది. సాయిబాబు కనుక్కుని మధ్యాహ్నం మళ్ళీ చేశాడు.

"అమ్మా, గాయత్రి తప్పేం లేదు. ఫోటోలు దాచే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్లో లోపముందంట. పెళ్ళి ఫోటోలు తెరిచినవాళ్ళకి తాళం వేసినవి కూడా కనపడిపోయేయి. ఇప్పుడు సరిచేసేసేరు."

"సరిచేస్తే హరిబాబు చూసింది చూడనట్టయిపోతుందా?"

కాంతమ్మ పక్కనే ఉన్న కోడలి వైపు చూసి మళ్ళీ ఫోన్లో అంది.

"పోనీ, నాకెందుకు దాచేరు నాయనా?"

గాయత్రే జవాబు చెప్పింది. "పోయినసారి మీరు సంబరంగా వీధంతా పూతరేకులు పంచేరండీ. కడుపు పోయేక, తిన్నవాళ్ళంతా వరసపెట్టి ఓదార్చడానికొచ్చేరు. వచ్చినవాళ్ళకల్లా మొదట్నించీ చెప్పుకోవాల్సొచ్చింది. మళ్ళీ అది పడే ఓపిక నాకు లేదండీ."

సాఫ్ట్‌వేర్ సంగతి కాంతమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఇది మాత్రం తెలిసింది. అప్పట్లో కోడలు గది గడియ వేసుకుంటే, మనుషులంటే గిట్టదని తానే విసుక్కుంది. కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం లోవమ్మ, ఎదురింటి జ్ఞానమ్మను వెంటేసుకుని వచ్చింది. "ఏదీ వదినా, తీపి?"

"తీపెక్కడిది వదినా! ఆ ఫోటోల కంపెనీలో ఏదో గందరగోళమంట. ఒకరి ఫోటోలు ఇంకొకరికి కనపడిపోయేయంట. సరిచేసేసేరు. మీ అల్లుడు ఎవరిది చూసేడో ఏమో!"

"మరి పేరో?"

"కోనసీమలో గాయత్రులకి కరువా?"

వాళ్ళు మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. తలుపు చాటున గాయత్రి కళ్ళనీళ్ళతో నిలబడి ఉంది. కాంతమ్మ మొన్న పండక్కి తెచ్చినవాటిలో డబ్బాలో మిగిలిన పూతరేకు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఒక్కటే ఉంది. తలుపేసుకుని తిను తల్లీ."