కుడిపక్క గాలి

"మా అమ్మమ్మ నోట్లోంచి ఒక శబ్దం పోయింది. మీ పనే."

కట్టుడు పళ్ళు చేసే కుర్రాడు చేతిలోని మైనపు దవడను బల్లమీద పెట్టాడు. పళ్ళు గుచ్చుకుంటున్నాయని వచ్చేవాళ్ళను చూశాడు గానీ, శబ్దం పోయిందని దెబ్బలాటకు వచ్చిన మొదటి మనిషి ఈ అమ్మాయే. పైగా కోపంలో చాలా బాగుంది. పాపం, అది ఆమె తప్పు కాదు.

"ఏ శబ్దమండీ?"

"నాకు పలకడం రాదు."

"మరి పోయిందని ఎలా తెలిసింది?"

"నన్ను పిలవడం మానేసింది."

వెనకే వచ్చిన అమ్మమ్మ కుర్చీలో సర్దుకుని, సంచిలోంచి పాత పళ్ళ సెట్టు తీసింది.

"కొత్తవి భేషుగ్గా ఉన్నాయి పళ్ళబ్బాయ్. దీని ముద్దుపేరుకే నోరు తిరగట్లేదు. అది మా పుట్టింటి భాషలో పేరు. ఆ భాష మాట్లాడేవాళ్ళలో మిగిలింది నేనే. పాతవేమో నవ్వితే ఊడిపడుతున్నాయి."

"ఒకసారి వాటితోనే పిలవండి."

ఆవిడ పాతవి పెట్టుకుని, పైపళ్ళను బొటనవేలితో అదిమిపట్టి పిలిచింది.

ఆ పేరు ఇక్కడ రాద్దామంటే మన అక్షరమాలలో దానికి చోటు లేదు. 'ల' అనబోయి, నాలుక కొన పళ్ళ వెనక ఆనించి, గొంతు మెదపకుండా కుడి బుగ్గ పక్కనుంచి ఊపిరి వదలాలి. వాన పడబోయే ముందు ఆకులు చేసే చప్పుడులా ఉంది. కుర్రాడికి ఒళ్ళు జలదరించింది. పొద్దస్తమానం నోళ్ళతోనే పని. నోట్లో ఇంత వింత ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

పాత సెట్టు తుడిచి, అంగిలి భాగం మీద మెత్తటి బొగ్గుపొడి చల్లి మళ్ళీ పిలిపించాడు. తీసి వెలుతుర్లో పట్టుకున్నాడు. నాలుక తగిలినచోటల్లా పొడి తుడిచిపెట్టుకుపోయింది. కుడి దవడ పళ్ళ పక్కన సన్నటి నల్లదారి ఒకటి మిగిలింది.

"ఏంటిది?" అమ్మాయి తల అతని తలకు తగిలేంత వంగింది.

"మీ పేరండీ," అన్నాడు మెల్లగా. "గాలి ఇటునుంచి వెళ్ళింది."

కొత్త సెట్టు తీసి పాతదాని పక్కన పెట్టి చూశాడు. చేసేటప్పుడు సరిగ్గా ఆ దారికే తను మందంగా, ముచ్చటగా గోడ కట్టేశాడు.

"అరగదీస్తాను. ఎక్కువైతే పగులుతుంది."

"తక్కువైతే?"

"మీకు పేరుండదు."

అరగదీయడం, పెట్టి చూడడం, మళ్ళీ అరగదీయడం. గోడ పల్చబడి వెలుతురు అవతలికి కనిపించే వేళకు అమ్మమ్మ పిలిచింది. ఆకులు కదిలాయి.

"ఊ," అంది అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత పళ్ళ బిగువు చూసే వంకతో అతను వాళ్ళింటికి అదేపనిగా వస్తూనే ఉన్నాడు.

"పళ్ళు ఎప్పుడో కుదిరాయి," అంది అమ్మమ్మ ఒకనాడు. "కుదురు లేనిది ఈ అబ్బాయికే."

"నిజం చెప్పండి, ఎందుకొస్తున్నారు?" అంది అమ్మాయి.

అది చెప్పడానికే అతను ఇన్నాళ్ళూ షాపులో అద్దం ముందు సాధన చేశాడు. కుడి బుగ్గ అలా ఉబ్బిస్తుంటే, పాపం పళ్ళవాడికే పన్నునొప్పి అనుకున్నారు షాపుకొచ్చినవాళ్ళు. ఇప్పుడు నాలుక ఆనించి, ఊపిరి వదిలి, ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

అమ్మమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. తన పుట్టిల్లు పరాయి నోట వినబడడం ఆవిడ ఎరగదు.

"ఎడంపక్క కాస్త గాలి పోతోంది నాయనా," అంది. "రోజూ రా, నేర్పుతాను."

అతను అమ్మాయి వంక చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మళ్ళీ పిలిచాడు.

"ఊ," అంది.