డోర్నకల్‌లో వాసన లేని నీళ్లు

1971 డిసెంబర్. డోర్నకల్ జంక్షన్‌లో వాటర్ ఇన్‌స్పెక్టర్ జగపతిని పట్టపగలు కాల్చి చంపారు. పర్సు జేబులోనే ఉంది. పోయింది క్లోరిన్ టెస్ట్ కిట్ ఒక్కటే.

"యుద్ధం నడుస్తోంది, భూపాల్!" హైదరాబాద్‌లో చీఫ్ బల్ల మీద గుద్దాడు. "శుక్రవారం జవాన్ల స్పెషల్ రైలు అక్కడ నీళ్లు పట్టుకుంటుంది. శత్రు ముఠా ట్యాంకులో కలరా క్రిములు కలపబోతోంది. క్లోరిన్ ఉంటే అవి చస్తాయి. అందుకే ముందు క్లోరిన్‌ని తప్పిస్తారు. జగపతి స్థానంలో కొత్త ఇన్‌స్పెక్టర్‌గా నువ్వు వెళ్తున్నావు. రోజూ ఆఖరి నల్లా దగ్గరే టెస్ట్ చెయ్యాలి. అది రూలు!"

"యస్, సర్!"

"అక్కడ మన ఏజెంట్ శారద కెమిస్ట్‌గా ఉంది. కోడ్ వర్డ్, పసుపు."

పెట్టుడు మీసంతో డోర్నకల్‌లో దిగిన సీక్రెట్ ఏజెంట్‌కి స్వాగతం పలికింది తూటాలు కాదు, తిట్లు! రైల్వే కాలనీ చివర ఆఖరి నల్లా దగ్గర సాలమ్మ రోజూ కాచుకుని ఉండేది.

"ఓ నీళ్ల సారూ! గివి నీళ్లా, దవాఖాన మందా? నా బిడ్డ బాలింత. ముక్కు మూస్కోని తాగుతున్నది. మీకు జరన్న సోయున్నదా?"

భూపాల్ తల వంచుకుని టెస్ట్‌ట్యూబ్‌లో మందు చుక్కలు వేసేవాడు. క్లోరిన్ ఉంది గనక నీళ్లు పసుపు రంగుకి మారేవి.

శుక్రవారం. నల్లకళ్లద్దాలు, హైహీల్స్‌తో శారద ఎదురొచ్చింది. "అంత దూరం నడవడం ఎందుకు, డియర్? ట్యాంకు నీళ్లు నేనే తెచ్చాను." చుక్కలు వేసింది. నీళ్లు పసుపుపచ్చగా మారాయి. "పసుపు!" అంటూ నవ్వింది.

ఆ నవ్వుకి మనవాడు కరిగిపోయాడు. రూలు గాలికొదిలేసి ప్లాట్‌ఫారం వైపు కదిలాడు. దారిలో బిందెతో సాలమ్మ!

"సల్లగుండు కొడుకా! ఇయ్యాల నీళ్లు ఎంత మంచిగున్నయో! మందు వాసనే లేదు. నా బిడ్డకు తీస్కపోతున్న."

భూపాల్ అడ్డం వెళ్లాడు. "అవ్వా! ఆ బిందె దించు!"

కిట్ తీసి చుక్కలు వేశాడు. నీళ్లకి రంగే రాలేదు. అంటే శారద తన ట్యూబ్‌లో ముందే క్లోరిన్ కలిపి తెచ్చింది. ఛీ, ఎంత వెధవనయ్యాను! క్రిములు ఇప్పటికే కలిపేశారో, ఇంకా లేదో? తలెత్తి చూశాడు. ట్యాంకు నిచ్చెన మీద శారద!

సిగ్నల్ పడింది. దూరంగా కూత వినిపించింది. భూపాల్ పరుగెత్తి నిచ్చెన ఎక్కాడు. పైన శారద ఒక చేతిలో మూత తియ్యని సీసా, మరో చేతిలో లిప్‌స్టిక్. అది లిప్‌స్టిక్ కాదు, పిస్తోలు.

"సారీ, డియర్. బ్లీచింగ్ బస్తాల్లో ఉన్నది వట్టి సున్నం. మీరిచ్చే జీతం కంటే వాళ్లిచ్చేదే ఎక్కువ."

బిందె దింపించినందుకు మండిపడుతూ వెనకే వచ్చిన సాలమ్మ కింద నుంచి అరిచింది. "ఓ పోరీ! మంచినీళ్ల ట్యాంకు మీద నీకేం పని? దిగు!"

శారద కిందకి చూసింది. భూపాల్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. తూటా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. సీసా దొర్లి ట్యాంకులో పడబోతుంటే అంచు దగ్గర పట్టుకున్నాడు.

శారదకి బేడీలు పడ్డాయి. స్పెషల్‌ని నీళ్లు పట్టకుండానే పంపేశారు. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, అసలైన బ్లీచింగ్ పౌడర్ వేశారు.

మర్నాడు ఆఖరి నల్లా దగ్గర సాలమ్మ దోసిలి పట్టి, మొహం చిట్లించింది. "థూ! మల్ల గదే వాసన! ఒక్కనాడు మంచి నీళ్లిచ్చిన్రు, గంతల్నే ఏం రోగమొచ్చింది మీకు?"

భూపాల్ ఆ నీళ్లే కడుపునిండా తాగి, చీఫ్‌కి టెలిగ్రాం కొట్టాడు.

"తిట్లు మళ్లీ మొదలయ్యాయి. అందరూ క్షేమం."