తెల్ల సేనకు పసుపు బొట్టు

రహీమ్ భయ్ దుకాణంలో ఆ పెట్టె మీద ఒకేసారి రెండు చేతులు పడ్డాయి. ఒకటి నాది. రెండోది ఎవరిదా అని తలెత్తాను.

ఆ పెట్టె కోసం నేను నాలుగు నెలలు ఎదురు చూశాను. అందులో వేలెడంత కూడా లేని ప్లాస్టిక్ సైనికులుంటారు. ముక్కల్ని ఫ్రేమ్ నుంచి కత్తిరించి, అతికించి, రంగులేసి, సేనగా నిలబెట్టి బల్ల మీద పాచికలతో యుద్ధం ఆడాలి. కరీంనగర్ మొత్తంలో ఈ పిచ్చి నాకొక్కడికే ఉందనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఎదురుగా ఆకుపచ్చ చున్నీ, గడ్డం మీద పుట్టుమచ్చ, పెట్టెను వదలని చెయ్యి.

"వదులుండ్రి. నేను ముందుగాల ఫోన్ల చెప్పి పెట్టిన," అంది.

"నేను గూడ చెప్పిన. భయ్‌ని అడుగుండ్రి."

రహీమ్ భయ్ తల గోక్కున్నాడు. ఆ మహానుభావుడు ఇద్దరికీ మాటిచ్చాడట.

"జర ఆగుండ్రి. పెట్టె ఒక్కటే గని లోపల సేనలు రెండున్నయ్. చెరొకటి తీస్కోండ్రి. కొట్లాట గేమ్‌ల పెట్టుకోండ్రి," అన్నాడు.

ఒకటి తెల్ల అంగీల కోట సేన, రెండోది బురద రాక్షసుల సేన. ఇద్దరికీ తెల్లదే కావాలి. పాచిక వేశాం. ఆమెకు ఆరు పడింది, నాకు ఒకటి.

"మీ పేరు?"

"కరుణాకర్."

"రాక్షసులు మీకు మంచిగ సెట్ అయితరు," అని పెట్టె విప్పింది.

ఆమె పేరు వందన. వాళ్ల నాన్నది వెండి తీగ పని. తీగలు సన్నగా లాగి, మెలితిప్పి పూలు, పెట్టెలు చేస్తారు. ఆమె చేతికీ ఆ పని చిన్నప్పుడే అబ్బింది. ఆదివారాలు దుకాణం వెనక బల్ల దగ్గర ఇద్దరం కూర్చునేవాళ్లం. మొదటి ఆదివారమే నేను ఒక రాక్షసుడి చేతిని వాడి మోకాలికి అతికించాను. నా రెండు వేళ్లను కూడా అతికించుకున్నాను.

"గట్ల గాదు," అని నా వేళ్లు విడదీస్తూ కోప్పడింది. "ముందుగాల గమ్ లేకుంట పెట్టి చూడాలె. మంచిగ కూసుంటేనే అతికియ్యాలె. ఒక్కసారి అతికినంక మల్ల ఊడదు."

"మనుషులకు గూడ గంతేనా?"

"మనుషుల సంగతి నాకు తెల్వది. ప్లాస్టిక్ సంగతి చెప్తున్న."

ఆ రోజే ఒప్పందం కుదిరింది. వెండి తీగ పట్టే చిమ్టాతో రెండు సేనలూ ఆమె అతికిస్తుంది. ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌ని కాబట్టి రెండింటికీ నేను రంగులేస్తాను. పది ఆదివారాలు అట్లా గడిచాయి. మీరు అనుకోవడం పోయి నువ్వు అనుకోవడం మొదలైంది.

దసరా తర్వాత వచ్చే ఆదివారం హైదరాబాద్‌లో పోటీ. రంగు వేసిన సేనకే ప్రవేశం. వందన పేరు ఇచ్చింది. తెల్ల సేనను నా చేతిలో పెడుతూ, "పండుగకు ఇంటికి పోయి పూర్తి చెయ్. నా వాళ్ల మీద చిన్న గీత వడ్డా మల్ల నీ మొకం సూడ," అంది.

ఆమె తమాషాకు అనలేదు. నాకేమో ఆ సేనను అప్పజెప్పే రోజే మనసులో మాట చెప్పేయాలని ఉంది.

మందమర్రిలో మా కాలనీ ఇంట్లో రాత్రీ పగలూ రంగులేశాను. ఇరవై నలుగురు సైనికులు, అందరికీ తెల్ల టోపీలు. వాళ్లు కాక సేనాని, ఆమె ఒక్కతే ఆడమనిషి; టోపీ లేదు, అందరిలో ఆమె ముఖం మాత్రమే కనబడుతుంది. ఆ ముఖం దగ్గర నా బుద్ధి నా మాట వినలేదు. గడ్డం మీద సూది మొనతో ఒక పుట్టుమచ్చ పెట్టాను. ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను.

శుక్రవారం, దసరా. స్నానం చేసి వచ్చి చూస్తే బల్ల మీద సేన లేదు.

పూజ దగ్గర మా నాన్న బొగ్గు గని టోపీ, అమ్మ కుట్టుమిషన్ కత్తెర, ఇంట్లోని గొడ్డలి, పార. వాటి పక్కన ఇత్తడి పళ్లెంలో వరుసగా వందన తెల్ల సేన. ప్రతి టోపీ మీదా తడి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

"అవ్వా, ఏం జేసినవే ఇది?"

"ఆయుధ పూజ బిడ్డా," అంది మా అమ్మ కోమల, బొట్లు పెట్టిన అగ్గిపుల్ల కింద పెడుతూ. "కత్తులు, బల్లాలు వట్టుకొని నిలవడ్డరు. దసరా నాడు వాళ్లకు బొట్టు వెట్టకుంట ఇడుస్తమా?"

తడిగుడ్డతో ఒకడిని తుడిచాను. పసుపు టోపీ నుంచి అంగీకి పాకింది. తుడిచిన కొద్దీ వాడు పెళ్లికొడుకు అవుతున్నాడు. మళ్లీ రంగులెయ్యడానికి టైం లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

శనివారం పొద్దున రహీమ్ భయ్ దుకాణంలో వందన ముందు పెట్టె పెట్టి, దూరంగా నిలబడ్డాను. ఆమె మూత తీసింది.

"ఎవలు చేసిండ్రు?"

"మా అవ్వ. తెల్వక చేసింది. ఆమెను ఏమనకు, తప్పు నాది."

ఆమె వెండి పని భూతద్దం తీసి ఒక్కొక్కడినీ చూడసాగింది.

"టోపీ బియ్యపుగింజంత లేదు. గీ తుడిచినోడొక్కడు తప్ప ఇరవై మూడింటికి బొట్టు నడుమల్నే ఉన్నది. ఒక్కటి గూడ పక్కకు పోలే. మా బాపు గిట్ల చూస్తే మీ అవ్వను పనిల పెట్టుకుంటడు."

నేను విన్నది నిజమో కాదో నాకు అర్థం కాలేదు. "మరి పోటీ?"

"రంగు ఉండాలన్నరు. ఏ రంగో చెప్పలే. నేను గీళ్లనే తీస్కపోత."

అప్పుడు భూతద్దం సేనాని దగ్గర ఆగింది. ఆమె చెయ్యి తన గడ్డం మీదికి పోయింది.

"కరుణాకర్. గీ మచ్చ నువ్వు పెట్టినవా?"

"నేనే పెట్టిన."

"మరి అందరికి నెత్తి మీద పెట్టి, గీమెకు కాళ్లకు పసుపు ఎందుకు పెట్టిండ్రు?"

నేను అప్పటిదాకా ఆ కాళ్లు చూడనే లేదు. వందన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని అవ్వకు కలిపి, స్పీకర్‌లో పెట్టి అదే ప్రశ్న అడిగింది.

"వాడు మూడు దినాలు గా ఒక్క బొమ్మ మొకమే చూసుకుంట, నవ్వుకుంట కూసున్నడు బిడ్డా," అంది అవ్వ. "నాకు సమజ్ అయింది. ఇంటికి వచ్చే పిల్లకు కాళ్లకు పసుపు వెట్టకుంట ఎట్ల? అవుగని, నువ్వెవలు?"

రహీమ్ భయ్ టీ తాగడం ఆపాడు.

"గా పిల్లనే అత్తమ్మా," అని వందన ఫోన్ పెట్టేసింది.

ఎట్లాగో ధైర్యం కూడదీసుకుని, "ఆలోచించి చెప్పు వందనా. తొందర లేదు. ఒక్కసారి అతికినంక..." అన్నాను.

ఆమె సేనానిని చిమ్టాతో పట్టి పెట్టెలో జాగ్రత్తగా నిలబెట్టింది. కాళ్ల పసుపు చెరగకుండా చుట్టూ దూది పెట్టింది.

"పది ఆదివారాలు గమ్ లేకుంటనే పెట్టి చూసిన," అంది. "మంచిగనే కూసున్నది."