నూరుడు రాయి మీద ఎర్రపొడి

ఆ మ్యూజియం కింది గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. పగలైనా ఇద్దరు కలిసే వెళ్తారు. ఒకరు పని చూసుకుంటుంటే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. లేకపోతే తలుపు దానంతటదే మూసుకుంటుందట. మడతబందు వదులైంది, అంతకు మించి ఏమీ లేదు... కానీ ఆ మాట అక్కడ పనిచేసేవాళ్ళతో అని చూడండి, మిమ్మల్ని జాలిగా చూస్తారు.

గది మూల ఒక పెద్ద బాన ఉంది. మనిషి ముడుచుకుని పడుకోగలిగేంత బాన. పడుకోబెట్టారు కూడా. తవ్వకాల్లో దొరికినప్పుడు దాన్నిండా ఎవరో ముసలమ్మ ఎముకలున్నాయట. ఎముకలు పరీక్షలకని వేరే ఊరు పోయాయి, బాన ఇక్కడ ఉండిపోయింది. ఇల్లొక చోట, ఇల్లాలొక చోట. ఊరుకుంటుందా మరి?

ఊరుకోలేదు. కొన్ని రాత్రులు లోపల్నుంచి చప్పుడు. గర్ర్... గర్ర్... రాయి మీద ఏదో నూరుతున్నట్టు. కాసేపు ఆగుతుంది. మళ్ళీ మొదలు.

ఆమెకు బానవ్వ అని పేరు పెట్టారు. వాచ్‌మన్ చెప్పేదేమిటంటే, బానవ్వ గదిలోని పాత కుండలన్నీ నూరి మళ్ళీ మట్టి చేస్తోంది, ఆ మట్టితో తనకో ఒళ్ళు చేసుకుంటోంది. అది పూర్తయిన రోజున లేచి పైకొస్తుంది.

"ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందంటావ్?" అని ఎవరైనా అడిగితే, వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, "మోకాళ్ళదాకా అయ్యుంటుంది" అనేవాడు.

ఈ కబుర్లు విని పగలబడి నవ్వే మనిషి ఆ మ్యూజియం మొత్తానికి ఒక్కతే. ఆమె పేరు పిచ్చుక.

అసలు పేరు కాదులెండి. మేనమామ పెట్టిన ముద్దుపేరు, అదే అందరి నోళ్ళలోనూ స్థిరపడింది. ఆ మేనమామే మ్యూజియానికి డైరెక్టరు. పిచ్చుక తండ్రి సరుకుల ఓడలో వంటవాడు. ఒక ప్రయాణంలో సముద్రం మీదే పోయాడు. అక్కనీ మేనకోడల్నీ తన ఇంటికి తెచ్చుకుని, పిల్లను భుజాన మోసి, చదివించి, ఇదే మ్యూజియంలో కెమిస్టుగా పెట్టింది ఆయనే. "మావయ్య గీసిన గీత దాటదు" అని తోటివాళ్ళు దెప్పితే పిచ్చుక సిగ్గుపడేది కాదు. ఎందుకు దాటాలి?

ఆమె చేసేది చిత్రమైన పని. ఎప్పటిదో ఒక కుండ పెంకు చేతికిస్తే అది ఏ ఏటిగట్టు మట్టిదో చెప్పాలి. రాయి ముక్క ఇస్తే ఏ కొండదో చెప్పాలి. మనుషులకు ఇంటిపేరు ఉన్నట్టే మట్టికీ రాతికీ ఉంటుంది, వాటిలోని లోహాల పాళ్ళే ఆ ఇంటిపేరు. పెంకు పైపొర గీకేసి, లోపలి ముక్కను మెత్తగా నూరి, ఆ పొడిని చిన్న గాజు సీసాల్లో పోసి, రాత్రంతా ఓవెన్‌లో ఆరబెడుతుంది. పొద్దున్నే యాసిడ్‌లో నలుసు మిగలకుండా కరిగించి యంత్రానికి అందిస్తుంది. అది అంకెలు చెబుతుంది.

నూరడానికి ఏ కల్వం పడితే అది వాడకూడదు. నూరేటప్పుడు కల్వం కూడా అంతో ఇంతో అరిగి పొడిలో కలుస్తుంది కదా. అందుకని పిచ్చుక అగేటు రాతి కల్వం తప్ప ఇంకోటి ముట్టదు. అది గాజులా నున్నగా ఉంటుంది, లెక్కల్ని పాడుచేసే లోహమేదీ పొడిలోకి వదలదు. ఇక ఆ ఓవెన్ ఎక్కడుందంటే... కింది గదిలో. పై అంతస్తు వైరింగు దాన్ని మోయలేదు.

మావయ్య జీవితం మొత్తం ఒకే మాట మీద నిలబడి ఉంది. ఊరి బయటి దిబ్బలో ఆయన తవ్వి తీసిన ఎర్ర కుండలు ఇక్కడివి కావు, సముద్రం అవతలి రేవు నుంచి ఓడల్లో వచ్చాయి అని. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఇంట్లో అందరికీ తెలుసు. పిచ్చుక తండ్రి ఆ రేవు నుంచే ఒక ఎర్రమట్టి కూజా తెచ్చాడు. అక్కడి కుమ్మరులు తాతల కాలం నుంచీ ఒకే ఏటి గట్టు తవ్వుకుంటారట. దిబ్బలో మొదటి పెంకు దొరికిన రోజు మావయ్య దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. కూజా పక్కన పెట్టి చూసి, "అక్కా, ఇది బావ కూజాకి తోబుట్టువే!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

ఆ కూజా మెడ మీద పిచ్చుక చిన్నప్పుడు మేకుతో ఒక పడవ గీసింది. తెరచాప కొయ్య పక్కకు ఒరిగిపోయిన పడవ. అమ్మ వీపు మీద ఒకటి వేసింది. నాన్న మాత్రం, "ఉండనీవే, నేనెక్కే ఓడ అచ్చం ఇలాగే ఒరుగుతుంది" అని మురిసిపోయాడు.

నాన్న పోయాక కొన్నాళ్ళకు ఆ కూజా పీట మీంచి జారి పగిలింది. పిల్ల అన్నం మానేసి ఏడ్చింది. మావయ్య ముక్కలన్నీ తన తువ్వాలులో ఏరుకుని మూట కట్టాడు. "ఏడవకు పిచ్చుకా. కుండలు అతికించడమేగా మీ మావయ్య పని. అతికించి తెస్తా." ఆ తర్వాత ఎప్పుడడిగినా, "తీరిక దొరకలేదమ్మా" అనేవాడు. పెద్దయ్యాక ఆమె అడగడం మానేసింది.

అలాంటి మావయ్య మాట నిజమని తన యంత్రమే తేల్చిన రోజు పిచ్చుక ఆనందం ఇంతా అంతా కాదు. అంకెలు అవతలి రేవు మట్టితో చక్కగా కలిశాయి. మావయ్య ఆమె తల నిమిరి, కళ్ళొత్తుకున్నాడు. ఆయన పేరు దేశాలు తిరిగింది.

తర్వాత పిడుగు పడింది. అవే కుండల పెంకులు వేరే ల్యాబువాళ్ళు పరీక్షించి, ఇది పక్కనున్న ఏటి మట్టే, ఏ సముద్రమూ దాటలేదు అన్నారు.

కమిటీ కూర్చుంది. అందరి చూపులూ పిచ్చుక మీద. ఆమె మావయ్య వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "నేను తవ్వేవాణ్ణి. అంకెలు నావి కావు. పిల్ల చేతిలో ఏదైనా పొరపాటు జరిగుంటే మాత్రం..."

మాట అక్కడే ఆపేశాడు. అదే చాలు. బయటి పరిశీలకుడొకాయన వచ్చి చూస్తాడనీ, అంకెలు తప్పని తేలితే ఆమె ఉద్యోగం పోతుందనీ నిర్ణయించారు. ఉద్యోగమొక్కటే అయితే ఫరవాలేదు. తప్పుడు అంకెలు రాసినదాన్ని ఇంకే ల్యాబూ గడప తొక్కనివ్వదు.

కారులో ఇంటికి వెళ్తుంటే మావయ్య అన్నాడు. "అలా అన్నానని బాధపడకమ్మా. నేను కుర్చీలో ఉంటేనేగా నిన్ను కాపాడుకోగలిగేది."

నిజమే అనుకుంది పిచ్చుక. నమ్మింది.

మళ్ళీ మొదట్నుంచీ నూరింది, ఆరబెట్టింది, కరిగించింది. మళ్ళీ అవతలి రేవే వచ్చింది. కానీ ఈసారి ఇన్నాళ్ళూ పట్టించుకోని అంకెలు కూడా చూసింది. నికెల్, క్రోమియం... ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ. అవతలి మట్టిలో అంత లేవు. ఇక్కడి మట్టిలోనూ లేవు. అగేటు కల్వంలో అసలే లేవు. మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఈ జంటను తను ఎక్కడో చూసింది. ఎక్కడ... ఎక్కడ...

కొన్నేళ్ళ కిందట దిబ్బలోనే ఒక నల్లటి నూరుడు రాయి దొరికింది. అది ఏ కొండదో కనిపెట్టింది తనే. ఈ రెండు లోహాలూ అందులో ఇదే పాళ్ళలో ఉన్నాయి. అంటే తన పొడిని ఎవరో ఆ రాయి మీద నూరారు.

ఆ రాయి ఇప్పుడు కింది గదిలో ఉంది. బాన పక్కనే.

గర్ర్... గర్ర్...

బానవ్వ పేరెత్తితే నవ్వే మనిషికి ఒళ్ళు జలదరించింది.

వాచ్‌మన్‌ని తలుపు దగ్గర నిలబెట్టి కిందికి దిగింది. గదిలో ప్రతి వస్తువు మీదా దుమ్ము పేరుకుని ఉంది. నూరుడు రాయి మీద మాత్రం లేదు. దాని గుంటలో పల్చగా, తాజాగా, ఎర్రటి పొడి.

"నే చెబితే నవ్వారు మేడమ్," అన్నాడు వాచ్‌మన్ గుమ్మం అవతల్నుంచే.

"ఎక్కడిదాకా వచ్చుంటుందంటావ్?" పిచ్చుక ఆ పొడిని వేలి కొసతో తాకి చూసింది.

"నడుం దాటేసుంటుంది."

పరిశీలకుడు మర్నాడు వస్తాడనగా, ఆ సాయంత్రం పిచ్చుక ఎప్పటిలాగే సీసాలు ఓవెన్‌లో పెట్టింది. ఎప్పటిలాగే తాళం వేసింది. స్నేహితురాలింట్లో పడుకుంటానని ఇంటికి ఫోన్ చేసింది. అందరూ వెళ్ళాక మళ్ళీ లోపలికొచ్చి, లోపల్నుంచి తాళం వేసుకుని, బాన వెనకాల నేల మీద కూర్చుంది.

ఆ గదికి తాళం చెవులు రెండే. ఒకటి ఆమె దగ్గరుంది. రెండోది ఎవరి దగ్గరుందో తెలుసు గనకే ఆమె చీకట్లో కళ్ళు మూసుకుని, దెయ్యమే అయితే బాగుండు, దేవుడా, దెయ్యమే అయితే బాగుండు అని వేడుకుంది. అలా మొక్కుకున్న మనిషి ఇంకెక్కడా ఉండదు.

చాలాసేపటికి తాళం తిరిగింది.

అడుగులు... మెత్తగా. టార్చి వెలుతురు గోడ మీద పాకింది. ఓవెన్ తలుపు తెరుచుకుంది. సీసాల చప్పుడు. ఆమె నూరిన పొడి కాగితంలోకి ఒంపేసిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకునే ఒక చిన్న దగ్గు. చిన్నప్పటినుంచీ రోజూ పొద్దున్నే ఆమెను నిద్రలేపిన దగ్గు అది.

గర్ర్... గర్ర్...

పిచ్చుక లేచి నిలబడింది.

"మావయ్యా."

చప్పుడు ఆగిపోయింది. ఆయన ఉలిక్కిపడి చూసి, పాపం, అలవాటైన మాటే అన్నాడు. "ఇంటికెళ్ళలేదా అమ్మా? చలిగా ఉంది, శాలువా కూడా తెచ్చుకోలేదు..."

ఆ ప్రేమకే ఆమెకు దుఃఖం పొంగింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచీ," అన్నాడు తల వంచుకుని. గుసగుసగా. "మోసం కాదమ్మా. ఆ కుండలు అక్కణ్ణుంచే వచ్చాయి. నాకు తెలుసు. నీ యంత్రానికే తెలియట్లేదు."

"మరి కమిటీలో నా పొరపాటన్నారే?"

ఆయన వేళ్ళకంటిన ఎర్రపొడి దులుపుకున్నాడు. "నీది చిన్న వయసు పిచ్చుకా. పడ్డా లేస్తావు. ఈ వయసులో నేను పడితే లేవలేను."

కంచే చేను మేసిందంటే ఇదే. బానవ్వ కథ మొదట అల్లి చెప్పింది కూడా డైరెక్టరుగారేనని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అందర్నీ గదికి దూరంగా ఉంచడానికి. కొన్ని రాత్రులే చప్పుడెందుకో కూడా అర్థమైంది. తను సీసాలు పెట్టిన రాత్రులవి. ఆ దెయ్యం ఇన్నాళ్ళూ తనతో ఒకే కంచం ముందు కూర్చుని అన్నం తింది.

నిజం చెప్పాలంటే అప్పటికీ ఆమె మనసు ఆయన్ని క్షమించడానికి దారి వెతుకుతూనే ఉంది. భుజాన మోసిన మనిషి. ముసలితనం. పేరు మీద పిచ్చి. ఏదో ఒకటి దొరక్కపోతుందా?

"ఒక్కటి చెప్పండి. అవతలి రేవు మట్టి మీకెక్కడిది?"

ఆయన చెయ్యి మెల్లగా జరిగి, ఒడి పక్కనున్న గుడ్డ మూటను కప్పింది.

"ఇంట్లో ఎందుకు నూరుకోలేదు?"

"అక్క చూస్తే... గుర్తుపడుతుందని."

పిచ్చుక మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతిని పట్టుకుని తీసింది. ఆయన అడ్డు చెప్పలేదు. మూట కాదది, పాత తువ్వాలు. అందులో ఎర్రటి ముక్క ఒక్కటే మిగిలి ఉంది. గుండ్రంగా వంగిన మెడ ముక్క. టార్చి దగ్గరకు జరిపి చూసింది.

దాని మీద ఒక పడవ. తెరచాప కొయ్య పక్కకు ఒరిగి ఉంది.

"ఇదొక్కటీ నీకు దాచిపెడదామనే అనుకున్నానమ్మా," అన్నాడాయన. "రేపటి సీసాలకు పొడి చాలలేదు..."

ఆమె ఏడవలేదు. ముక్కను గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నోరు, పొట్ట, అడుగు... మిగతా కూజా అంతా ఎటు పోయిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన నూరాడు, అంతే. పొద్దున్నే వచ్చి, ఆ పొడిని తూచి, యాసిడ్ పోసి, నలుసు మిగలకుండా కరిగేదాకా కాపలా కాసి, అంకెలు కలిశాయని సంబరపడింది తను. నాన్న కూజాను సీసా తర్వాత సీసా తనే కరిగించింది.

పొద్దున్న పరిశీలకుడు వచ్చేసరికి పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉందట. జరిగింది మొత్తం చెప్పి, మెడ ముక్క ఆయన ముందు పెట్టింది. "దీన్ని పరీక్షించండి. నా అంకెలన్నీ దీనితో కలుస్తాయి."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, పడవ మీద వేలు పెట్టి ఆగాడు. "రుజువు కావాలంటే ఇందులోంచి కొంచెం నూరాలి. మీకు తెలుసుగా."

"తెలుసు."

అగేటు కల్వం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పడవ లేని వైపు నుంచి తీసుకోండి," అంది.