నాన్నగారు తోటకెళ్ళేరు

పొద్దున్నే మస్కట్ నుంచి ఫోన్ మోగింది. కృష్ణవేణి కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని ఎత్తింది.

"నాన్నగారేరమ్మా?" అంది కూతురు సత్యప్రియ.

"కాయల దింపుకి మనుషులొచ్చేరే. కొబ్బరితోటకెళ్ళేరు."

ఆ నాన్నగారు, శ్రీరాములు గారు, పోయి నెల కావస్తోంది. పిల్లకి నెలలు నిండుతున్నాయి, విమానం ఎక్కొద్దంది డాక్టరు. అంత దూరాన తట్టుకోలేదు, పురుడొచ్చేదాకా చెప్పొద్దన్నారు పెద్దలు. అల్లుడూ సరేనన్నాడు. పెద్దలకేం, చెప్పి వెళ్ళిపోయారు! పోయిన మనిషిని రోజూ తోటకీ, రాజోలుకీ పంపాల్సిన ఖర్మ ఈ పిచ్చితల్లికి పట్టింది.

మధ్యాహ్నం పక్కింటి కాంతం వచ్చింది. "వదినగారూ, కంప్యూటర్లో ఆర్కుట్ అని, లోకమంతా చూసేది ఉంటుందిటండి. అందులో అన్నయ్యగారి ఫోటో, దండేసి ఉందిట. దుబాయ్‌లో మావాడు చూసేడు. మీ సతీషే పెట్టేడుటండి."

"నిజమేనా?"

"ఆయ్, నిజమేనండి."

సాయంత్రం కొడుకు గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే అడిగేసింది.

"ఇంట్లో చావు దేశాలన్నిటికీ చాటేవుట్రా?"

"స్నేహితులకి తెలియాలని పెట్టేనమ్మా. ఎక్కడెక్కడి వాళ్ళో ఓదార్చేరు. అక్క చూస్తుందని తట్టలేదు."

"తట్టదు! దానికేమన్నా అయితే నువ్వు ప్రాణం పోస్తావా?" చెయ్యెత్తింది గానీ కొట్టలేక కూలబడిపోయింది. సతీష్ గోడకి ఆనుకుని ఏడ్చాడు.

ఇక దాచి లాభం లేదు. వాడే నంబరు నొక్కి రిసీవరు తల్లికిచ్చాడు.

"అమ్మలూ, నాన్నగారు..."

"తెలుసమ్మా," అంది సత్యప్రియ. "తమ్ముడు ఫోటో పెట్టిన రోజే చూసేను."

"మరి రోజూ నాన్నగారేరని అడుగుతావేమే!"

"అడక్కపోతే నాకు తెలిసిపోయిందని నువ్వు హడలిపోవూ? పైగా... తోటకెళ్ళేరని నువ్వంటే, ఆ కాసేపూ నిజంగా వెళ్ళేరనే అనిపించేదమ్మా."

"ఎవరి దగ్గర ఏడ్చేవే తల్లీ? అల్లుడి దగ్గరా?"

"నాకు తెలిసిందని ఆయనకీ చెప్పలేదు, నీకు చెప్పేస్తారని. ఆర్కుట్‌లోనే, కడుపుతో ఉన్నవాళ్ళ గ్రూపులో రాసుకున్నాను. బ్రెజిల్ ఆవిడెవరో, వాళ్ళ నాన్నా పోయేరుట. వచ్చీరాని ఇంగ్లీషులో తెల్లవార్లూ నాతో రాస్తూనే కూర్చుంది."

కృష్ణవేణి నుదురు కొట్టుకుంది. మొహమైనా చూడని బ్రెజిల్ మనిషి పాటి చెయ్యలేకపోయిందా కన్నతల్లి! కూతురి మంచికేనంటూ నోరు నొక్కుకుని, దానికి ఏడవడానికి ఒళ్ళో చోటు లేకుండా చేసింది తనే.

"తప్పయిపోయిందే అమ్మలూ. ఇప్పుడు ఏడు. నేను వింటున్నాను."

"నాన్నా!" అంటూ బావురుమంది సత్యప్రియ. ఇవతల తల్లీ కొడుకూ ఒకే రిసీవరుకి చెవులానించి ఏడ్చారు.