ఊడని లేసు

ఆదివారం ఆరాధనకు ముందు నరసాపురం చర్చిలో బలిపీఠం బోసిగా కనిపించింది.

పాపాయమ్మ అల్లి ఇచ్చిన లేసు గుడ్డ లేదు. అది దాచే బీరువా తాళం పగలలేదు. తాళంచెవులు రెండు. ఒకటి చర్చి పెద్ద అబ్రహాము దగ్గర, రెండోది పాపాయమ్మ దగ్గర.

ఎస్సై రాజేంద్ర వచ్చేసరికే దొంగ దొరికింది. పాపాయమ్మ మనవరాలు బ్లెస్సీ. వయసు ఐదు. చెంప మీద వాళ్లమ్మ వినీల వేళ్లు తేలి ఉన్నాయి.

“తనే ఒప్పుకుందండి. ఇంక కేసెందుకులెండి,” అన్నాడు అబ్రహాము. “పాలకొల్లు నుంచి ఆడపిల్లలు ఆ అల్లిక చూసి నేర్చుకుందామని వస్తున్నారండి. వాళ్లకేం చెప్పను?”

పాపాయమ్మ తలెత్తలేదు. పేటలో సగం మందికి లేసు సూది పట్టడం నేర్పింది ఆమే.

రాజేంద్ర పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఏం చేశావమ్మా?”

“దారం లాగాను. అంతా ఊడిపోయింది. భయమేసి కాలవలో పారేశాను.”

ఒక్క గుక్కలో అప్పజెప్పింది.

ఐదేళ్ల పిల్లలు దెబ్బలు తప్పించుకోవడానికి అబద్ధమాడతారు. దెబ్బలు తినడానికి ఆడరు.

“ఊడుతుంటే సరదాగా ఉందా?”

“లేదు! అమ్మమ్మ లేసైతే జర్రున వచ్చేద్ది. ఇది ఎంత లాగినా రాలేదు.”

వెంటనే చేత్తో నోరు మూసుకుంది. అమ్మమ్మ వైపు చూసింది.

అబ్రహాము నవ్వేశాడు. రాజేంద్ర నవ్వలేదు.

అరగంట తర్వాత, పాపాయమ్మ ఇంట్లో, దిండు గలీబులోంచి గుడ్డ బయటికి వచ్చింది.

“చేతి లేసు కొస లాగితే వరసంతా ఊడుతుంది. లేసు అల్లే ఇళ్లలో పిల్లలకి అదో ఆట,” అన్నాడు రాజేంద్ర. “ఇది ఊడలేదు. మిషను లేసు కాబట్టి. పాలకొల్లు వాళ్లు చూస్తే పట్టేస్తారని మీరే తీసేశారు. అవునాండి?”

“ఏడాదిగా సూది ముక్కు కంటికి ఆనట్లేదు బాబూ. ఎవరితో చెప్పను?”

“నాతో చెప్పలేవా?” వినీల తల్లి వైపు తిరిగింది. “నా చేత దాన్ని కొట్టించి, చూస్తా నిలబడ్డావా అమ్మా?”

“చిన్నపిల్లే. మర్చిపోద్దనుకున్నాను.”

గుమ్మం బయట అబ్రహాము గొంతు. “ఏమన్నా దొరికిందాండి?”

రాజేంద్ర నోరు విప్పేలోపే బ్లెస్సీ గుమ్మంలోకి వెళ్లింది. ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

“లేదండి. నేనే పారేశాను. దారం లాగితే జర్రున వచ్చేసింది.”

ఈసారి చెయ్యి నోటి మీదికి పోలేదు.

వినీల కూతుర్ని చూడలేదు. తల్లినే చూస్తూ ఉండిపోయింది.